అటక మీది చెట్టునే దించండి

ప్రశ్న: అమ్మా, వందనాలు. మేం పదకొండేళ్ళుగా నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాం. నా పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ బాపట్ల వైపే. పాపకు పన్నెండేళ్ళు, బాబుకు ఏడు. ఎనిమిదేళ్ళ క్రితం కొన్న ఏడడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు అటక మీద ఉంది. ఈసారి దాని మీదే ఇంట్లో గొడవ. ప్లాస్టిక్ భూమికి చేటు, పారేసి నిజం చెట్టు తెద్దామంటుంది పాప. స్నేహితుడి ఇంట్లో వాళ్ళలా తోటకు వెళ్ళి మనమే రంపంతో కోసి తెచ్చుకుందామంటాడు బాబు. బ్లాక్ ఫ్రైడేకి లైట్లు అమర్చిన కొత్త చెట్టు సగం ధరకు వస్తుంది, అది కొనేద్దామంటారు మావారు. డిసెంబర్‌లో మా అత్తగారు మొదటిసారి అమెరికా వస్తున్నారు. ఆవిడ ఫోన్లో ఈ గొడవ విని, "పచ్చని చెట్టు నరికి, పది రోజులు ఇంట్లో పెట్టుకుని, వీధిలో పారేస్తారా? పాపం కదూ!" అన్నారు. బైబిల్లోని యిర్మీయా పదో అధ్యాయం కూడా చదివి వినిపించారు.

ఇంకో సంగతి. నిరుడు చెట్టు కింద ముప్పై ఎనిమిది ప్యాకెట్లు లెక్కపెట్టాను. పిల్లలు గంటలో అన్నీ విప్పేశారు. సాయంత్రానికి బాబు "ఇంతేనా?" అన్నాడు. ఆ రాత్రి రంగు కాగితాలన్నీ మూడు నల్ల సంచుల్లో కుక్కుతుంటే ఏడుపొచ్చింది. ఈసారి తగ్గిద్దామంటే, పిల్లల దగ్గర పిసినారితనమేమిటంటారు మావారు. ఏ చెట్టు పెట్టాలి? కానుకలు ఎలా తగ్గించాలి?
— పేరు వద్దు, కేరీ

సమాధానం: అమ్మా, ముందు చెట్టు సంగతి చెప్పేస్తాను. మీ రెండు ప్రశ్నల్లో అదే తేలిక. అటక మీద ఉన్న చెట్టునే దించండి. ఈ ఏడూ అదే, వచ్చే ఏడూ అదే, కొమ్మల తీగలు విరిగి ఇక నిలబడలేనంటే తప్ప ఇంకోటి కొనకండి.

బ్రిటన్‌లో కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ ఈ లెక్క కట్టింది. రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు ఒకటి తయారవడం వల్ల దాదాపు 40 కిలోల కార్బన్ గాలిలో కలుస్తుంది. అంతే ఎత్తున్న నిజం చెట్టును పండగయ్యాక చెత్తదిబ్బలో పూడిస్తే, అది కుళ్ళి మీథేన్ వదలడం వల్ల 16 కిలోలు. అదే చెట్టును ముక్కలు కొట్టి మొక్కల మొదళ్ళలో వేస్తే మూడున్నర కిలోలే. ఇప్పుడు మీ చెట్టు లెక్క చూడండి. ఎనిమిది క్రిస్మస్‌లు చూసింది కాబట్టి 40ని ఎనిమిదితో భాగిస్తే ఏడాదికి 5 కిలోలు. ఇంకో నాలుగేళ్ళు వాడితే అది మూడు కిలోల చిల్లరకు దిగి, ముక్కలు కొట్టిన నిజం చెట్టుతో సమానమవుతుంది. ఇవాళ పారేశారనుకోండి, ఆ నాలుగేళ్ళూ వృథా. పైగా దాని బదులు తెచ్చిన చెట్టు లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.

పాపకు ఈ భాగహారం మీరు చెప్పకండి, తనతోనే చేయించండి. ప్లాస్టిక్ గురించి తను బాధపడటంలో తప్పేమీ లేదు. ఈ చెట్లలో చాలా వరకు పీవీసీ అనే ప్లాస్టిక్‌తో, లోపల ఇనుప తీగతో చేస్తారు. ఆ రెండూ విడదీయలేనంతగా అల్లుకుని ఉంటాయి కాబట్టి రీసైక్లింగ్ డబ్బాలో వేసినా ఎవరూ తీసుకోరు. నేరుగా చెత్తదిబ్బకే పోతాయి. అంటే పాప ఏది జరగకూడదని కోరుకుంటోందో, పారేస్తే అదే జరుగుతుంది. పన్నెండేళ్ళ పిల్లకు ఇది అర్థమవుతుంది. ఇంకో మాట కూడా చెప్పండి, తనకు నచ్చుతుంది. కృత్రిమ చెట్టును మొదట తయారు చేసింది పందొమ్మిదో శతాబ్దపు జర్మన్లు. బాతు ఈకలకు ఆకుపచ్చ రంగు అద్ది, తీగలకు చుట్టి కొమ్మలుగా చేసేవారు. పండగ పేరుతో అడవిలో చెట్ల కొనలు నరుక్కుపోతున్నారన్న బెంగ అప్పటికే అక్కడ ఉంది. అంటే మీ పాప ఈరోజు పడుతున్న బెంగ లాంటిదే ఆ చెట్టు వెనకా ఉంది. తర్వాత 1930లలో బ్రష్షులు చేసే కంపెనీ ఒకటి తన యంత్రాల మీదే బ్రష్షు కుచ్చులతో చెట్లు చేసింది. 1960 ప్రాంతంలో అల్యూమినియం చెట్లు ఒక ఊపు ఊపాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ వచ్చింది.

మీవారితో ఒక్కటే మాట్లాడండి. లైట్లు కొమ్మలకే అల్లేసి అమ్మే చెట్లలో నాలుగైదేళ్ళకు ఒక వరుస ఆరిపోతుంది. దాన్ని వెతికి బాగుచేయడం ఇంట్లో వాళ్ళకు చాలా కష్టం. లైట్లు పోయాయని బంగారంలాంటి చెట్టును రోడ్డు పక్కన పెట్టేసిన ఇళ్ళను న్యూజెర్సీలో మా వీధిలోనే చూశాను. విడిగా కొన్న ఎల్‌ఈడీ లైట్ల దండ పాడైతే దండ ఒక్కటే మారుతుంది. సగం ధర అన్న మాటకు మా నాన్న ఒకటనేవారు: అక్కర్లేనిది సగానికి కొంటే మిగిలిన సగం కూడా నష్టమే. ఆ మాట మీవారికి కోపం రాకుండా ఎలా చెప్పాలో మీకే బాగా తెలుస్తుంది.

ఇక మీ అత్తగారి సంగతి. ఆవిడ మాట విన్నప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మాదీ చీరాల, బాపట్ల నడుమ తీరపు ఊరే. డిసెంబర్ ఇరవయ్యో తారీఖు దాటాక నాన్న సైకిల్ మీద సరుగుడు కొమ్మ తెచ్చేవారు. పాత నూనె డబ్బాలో ఇసుక పోసి అందులో గుచ్చేవాళ్ళం. దూది పింజలు విడదీసి మంచులా అంటించడం నా పని. మంచు ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండు రోజులకే ఆ సన్నటి ఆకు రాలడం మొదలయ్యేది. కొత్త సంవత్సరం వచ్చేసరికి కొమ్మ ఎండిపోయి పొయ్యిలోకి చేరేది. దాని మీదే కాగిన నీళ్ళతో తలస్నానాలు. ఆ ఇంట్లో ఏదీ పారేసింది లేదు.

మీ అత్తగారికీ ఆ సరుగుడు తోటలు తెలుసు. అందుకే ఆవిడతో అక్కడి నుంచే మొదలుపెట్టండి. మన తీరంలో సరుగుడు అడవి కాదు, పైరు. రైతు నాటతాడు, నాలుగైదేళ్ళకు కొట్టి కాగితపు మిల్లుకో, గుంజలకో అమ్ముతాడు, మళ్ళీ నాటతాడు. ఇక్కడి క్రిస్మస్ చెట్లూ అంతే. అమెరికాలో ఏటా అమ్ముడయ్యే రెండున్నర, మూడు కోట్ల నిజం చెట్లలో దాదాపు అన్నీ తోటల్లో పెంచినవే. మీ రాష్ట్రం ఈ పంటలో ఒరెగాన్ తర్వాత దేశంలో రెండోది. పశ్చిమాన కొండల్లో యాష్, ఏవరీ లాంటి కౌంటీల్లో ఫ్రేజర్ ఫర్ అనే చెట్టును వాలు నేలల మీద వరసలుగా నాటి, ఏటా కత్తిరించి, ఏడడుగులు రావడానికి పదేళ్ళ దాకా కాస్తారు. ఒక చెట్టు కోస్తే మరుసటి వసంతంలో దాని పక్కనే ఒకటో రెండో నాటతారు. ఆ పదేళ్ళూ ఆ వాలులో మట్టి కొట్టుకుపోకుండా ఆగుతుంది, పిట్టలు గూళ్ళు కడతాయి. ఎవరూ కొనకపోతే ఆ రైతు ఆ నేలను ఇళ్ళ స్థలాలకు అమ్ముకుంటాడు. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను ఆ కొండలను ముంచెత్తినప్పుడు ఎన్నో తోటలు, దారులు కొట్టుకుపోయాయి. అయినా ఆ ఏడాది వైట్ హౌస్‌లో పెట్టిన చెట్టు ఏవరీ కౌంటీ తోట నుంచే వెళ్ళింది. తుఫాను తర్వాత పంట చేతికి తెచ్చుకోవడమంటే ఏమిటో మీ అత్తగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. దివిసీమ ఉప్పెన చూసిన తరం వాళ్ళది.

కాబట్టి నరకడం పాపం కాదని నా అభిప్రాయం. నరికిన చెట్టును ప్లాస్టిక్ సంచిలో కట్టి చెత్తలో పారేయడం మాత్రం తప్పు. ఆ విషయంలో మీ అత్తగారి బాధ నిజమైనది. లూసియానాలో పండగయ్యాక చెట్లన్నీ పోగుచేసి, న్యూ ఆర్లీన్స్ దగ్గరి చిత్తడి నేలల్లో హెలికాప్టర్లతో దించుతారు. అలల తాకిడికి మట్టి కరిగిపోకుండా అవి అడ్డుకట్టగా నిలుస్తాయి. మీ రాష్ట్రపు తీరంలో ఇసుక దిబ్బలు కట్టడానికి వాడతారు. కొన్నిచోట్ల చేపలు దాక్కోవడానికి చెరువుల్లో ముంచుతారు. ఈ సంగతులన్నీ ఆవిడతో చెప్పండి.

యిర్మీయా గురించి కూడా అడిగారు. అడవిలో చెట్టు నరికి, వెండి బంగారాలతో అలంకరించి, కదలకుండా మేకులు కొట్టి నిలబెడతారని అక్కడ ఉన్న మాట నిజమే. డిసెంబర్ రాగానే ఆ వచనాలు ఫోన్లలో తిరుగుతుంటాయి కూడా. కానీ ఆ అధ్యాయం మొత్తం చదవండి. ప్రవక్త మాట్లాడుతున్నది కొయ్యతో చెక్కిన విగ్రహాన్ని దేవుడనుకుని భయపడటం గురించి. ఆయన కాలం క్రీస్తుకు ఆరు వందల ఏళ్ళ ముందు. ఇళ్ళలో క్రిస్మస్ చెట్టు పెట్టడం గురించి స్పష్టంగా కనిపించే రాతల్లో ఒకటి 1605 నాటిది, అప్పటి జర్మన్ నగరం స్ట్రాస్‌బర్గ్‌లోది. రెంటికీ నడుమ రెండు వేల ఏళ్ళకు పైగా తేడా ఉంది. ఇది నా అభిప్రాయం. దీన్ని పట్టుకుని మీ అత్తగారితో వాదానికి దిగొద్దు. "అత్తయ్యా, మేం దీనికి దణ్ణం పెట్టం, పిల్లలకు ముచ్చట" అని ఒక్క మాట చెప్పి, రాత్రి ప్రార్థనలో క్రీస్తు పుట్టుక గురించిన లూకా రెండో అధ్యాయం ఆవిడనే చదవమనండి. చాలా ఇళ్ళలో ఇలాంటి గొడవలు వాక్యం గురించి మొదలవ్వవు. ఈ ఇంట్లో నా మాటకు విలువుందా అన్న దిగులుతో మొదలవుతాయి.

స్ట్రాస్‌బర్గ్ పేరు ఊరికే తేలేదు. 1605లో ఆ చెట్లకు ఏం కట్టేవారో రాసి ఉంది: రంగు కాగితాల గులాబీలు, ఆపిల్ పళ్ళు, పల్చటి అప్పాలు, బంగారు రేకు, మిఠాయి. అంటే ఇంట్లో చేసినవి, తినేవి. ఆ తర్వాత రెండొందల ఏళ్ళకు పైగా ఈ ఆచారం చాలావరకు జర్మనీలోనూ, జర్మనీ నుంచి వలస వెళ్ళినవాళ్ళ ఇళ్ళలోనూ ఉండిపోయింది. అమెరికాలో అయితే చెట్టు మాట అటుంచండి, అసలు క్రిస్మస్ చేసుకుంటేనే మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ లండన్ పత్రికలో వచ్చింది. రెండేళ్ళకు ఒక అమెరికన్ పత్రిక అదే బొమ్మలో రాణి కిరీటం, ఆమె భర్త ఆల్బర్ట్ మీసం తీసేసి, మామూలు అమెరికన్ కుటుంబంలా మార్చి వేసింది. అక్కడి నుంచి ఈ దేశంలో ఇంటింటికీ పాకింది.

ఇప్పుడు మన గుంటూరు సంగతి చూడండి. లూథరన్ మిషనరీ హెయర్ దొర గుంటూరు వచ్చింది 1842లో. ఆ బొమ్మ లండన్‌లో అచ్చవడానికి ఆరేళ్ళ ముందు. చాలామంది అమెరికన్ల ఇళ్ళలోకి చెట్టు రాకముందే గుంటూరులో సంఘం మొదలైంది! ఈ సంగతి మొదటిసారి గమనించినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. ఎందుకంటే, ఇక్కడికి వచ్చిన కొత్తలో నిజం చెట్టు పెట్టకపోతే మా క్రిస్మస్ తక్కువదేమో, పక్కింటివాళ్ళను చూసి నేర్చుకోవాలేమో అని నేనూ కుంగిపోయాను. అక్కర్లేదమ్మా. మీ అత్తగారు ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోకుండానే పండగ చేసుకోగలరు. చెట్టు ఉంటే ముచ్చట, లేకపోతే లోటు లేదు.

బాబు మాత్రం ఏడేళ్ళవాడు. వాడికి ఈ చరిత్ర వద్దు, రంపం కావాలి. వాడి కోరికనూ కాదనకండి. చిన్నది చేయండి. మీ ఊళ్ళో చెట్లు అమ్మే చోట మొదళ్ళు సరిచేస్తూ కోసిన కింది కొమ్మలు గుట్టగా పడి ఉంటాయి. అడిగితే చాలాచోట్ల ఊరికే ఇస్తారు. ఫ్రేజర్ ఫర్ కొమ్మలు నాలుగు తెచ్చి బకెట్లో నీళ్ళు పోసి పెడితే ఇల్లంతా ఆ వాసనే. చాలామంది నిజం చెట్టు కావాలనేది అసలు ఆ వాసన కోసమే. లేదా తెలిసినవాళ్ళ పెరడులో ఈస్టర్న్ రెడ్ సీడార్ ఉందేమో చూడండి. కంచెల వెంట దానంతట అదే మొలిచే చెట్టు అది. ఫ్రేజర్ ఫర్ తోటలు రాకముందు ఈ దక్షిణ రాష్ట్రాల్లో పల్లెటూరి క్రిస్మస్ చెట్టు అదే. అడిగి ఒక కొమ్మ బాబు చేతే కోయించి, నూనె డబ్బాలో ఇసుక పోసి నాయనమ్మ చేత గుచ్చించండి. మీరు చిన్నప్పుడు చూసిన చెట్టే కేరీలో లేచి నిలబడుతుంది.

ఇంకో నాలుగైదేళ్ళకు, పాత ప్లాస్టిక్ చెట్టు నిజంగా పాడయ్యాక, అందరూ కలిసి కొండల దాకా వెళ్ళి చెట్టు కోసి తెచ్చుకోవచ్చు. అప్పటికి ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంటికి తెచ్చాక మొదలు ఒక అంగుళం మేర మళ్ళీ కోసి వెంటనే నీళ్ళలో పెట్టాలి. లేకపోతే కోసినచోట బంక గట్టిపడి నీళ్ళు పైకి ఎక్కవు. మొదటి రోజు నాలుగు లీటర్ల దాకా తాగుతుంది. ఒక్కరోజు తొట్టి ఎండనిచ్చినా ఆకు రాలుతుంది, అగ్గికి కూడా తొందరగా అంటుకుంటుంది. హీటర్ గాలి తగిలేచోట అస్సలు పెట్టకూడదు.

వేళ్ళతో ఉన్న చెట్టును కుండీలో తెచ్చి, పండగయ్యాక పెరట్లో నాటుకోవడం అన్నిటికంటే మంచిదని చాలామంది చెబుతారు. మంచిదే, కానీ కుదిరితేనే. నేను ఒక ఏడాది స్ప్రూస్ మొక్కను కుండీలో తెచ్చి, ముచ్చట తీరక మూడు వారాలు వెచ్చని హాల్లో ఉంచాను. జనవరిలో తీసుకెళ్ళి మంచులో పెట్టాను. ఇంటి వెచ్చదనానికి అది చిగురు తొడగడానికి సిద్ధమైంది. బయటి చలికి ఆ చిగురు మాడిపోయింది. మార్చికల్లా చెట్టంతా గోధుమ రంగుకు తిరిగింది. ఇప్పటికీ ఆ పెరడు తలచుకుంటే నా మనసు చివుక్కుమంటుంది. కాబట్టి వారం, మహా అయితే పది రోజులు మించి ఇంట్లో ఉంచకూడదు. లోపలికి తెచ్చేముందూ, బయటికి పంపేముందూ కొన్నాళ్ళు గ్యారేజీలోనో వరండాలోనో ఉంచి అలవాటు చేయాలి. మీ ఊరికి ఫ్రేజర్ ఫర్ కూడా వద్దు. అది కొండల మీది చలిచెట్టు, కేరీ వేసవికి తట్టుకోలేదు. రెడ్ సీడార్ నాటవచ్చు. లేదా మన హిమాలయాల దేవదారు. అవునమ్మా, దేవదారు మీ నేలలో చక్కగా పెరుగుతుంది, నర్సరీల్లో డియోడార్ సీడార్ అని అమ్ముతారు. చాలా పెద్ద చెట్టవుతుంది కాబట్టి ఇంటికి దూరంగా నాటాలి. డిసెంబర్‌లో దుకాణాల్లో చిన్న కుండీల్లో, మెరుపులు చల్లి పెట్టే ముద్దులొలికే మొక్కను చూసి మాత్రం మోసపోకండి. అది నార్ఫోక్ ఐలాండ్ పైన్. మన కడియం నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని అమ్మేదీ అదే. గోదావరి జిల్లాలో మేడంత ఎత్తు పెరుగుతుంది, మీ పెరట్లో మాత్రం మొదటి గడ్డకట్టే చలికే చచ్చిపోతుంది. ఇంట్లో కిటికీ దగ్గర పెంచుకునేటట్టయితేనే కొనండి.

ఇక ఆ ముప్పై ఎనిమిది ప్యాకెట్లు. అమ్మా, మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది అక్కడే. ఏ చెట్టు పెట్టినా వచ్చే తేడా ఏడాదికి కొన్ని కిలోలు. చెట్టు కింద గుట్ట పడే సామాను, వాటి డబ్బాలు, వాటిని మోసుకొచ్చిన లారీలు, మీరు కుక్కిన ఆ మూడు సంచులు, వీటి ముందు చెట్టు లెక్క ఎంత? అంతకంటే పెద్దది వాడి నోటి నుంచి వచ్చిన ఆ "ఇంతేనా". వాడు అత్యాశపరుడని అనుకోకండి. ఒక్కో కానుకకు రెండు నిమిషాలు కూడా దొరకలేదు వాడికి. ఒకటి విప్పి చూసేలోపు ఇంకోటి చేతిలో పెట్టారు. కడుపు నిండిందో లేదో తెలియకుండా తిన్నవాడు ఇంకా పెట్టమనే అంటాడు.

ఈ గుట్ట దానంతట అది పెరగలేదు, పెంచినవాళ్ళున్నారు. ఇందాక చెప్పిన ఆపిల్ పళ్ళు, అప్పాల స్థానంలో జర్మనీలోని లౌషా ఊరి గాజు బుడగలు వచ్చాయి. 1880లో వూల్‌వర్త్ అనే అమెరికన్ వ్యాపారి, వీటిని ఎవరు కొంటారులే అనుకుంటూనే పాతిక డాలర్ల సరుకు తీసుకుంటే రెండు రోజుల్లో అయిపోయింది. కొన్నేళ్ళలో దాని మీదే గొప్ప లాభాలు గడించాడు. ఇంట్లో చేసి, కట్టి, కోసుకుని తినే అలంకరణ అలా కొని తెచ్చేదైంది. 1939లో అయితే, థాంక్స్‌గివింగ్ తర్వాత మొదలయ్యే క్రిస్మస్ కొనుగోళ్ళకు రోజులు చాలవని వ్యాపారులు మొత్తుకుంటే, ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ థాంక్స్‌గివింగ్ పండగనే ఒక వారం ముందుకు జరిపారు. సగం రాష్ట్రాలు ఒప్పుకోలేదు. రెండేళ్ళు తికమక పడ్డాక 1941లో కాంగ్రెస్ చట్టం చేసి నవంబర్ నాలుగో గురువారం ఖాయం చేసింది. అంగడి కోసం పండగ తేదీనే కదిపిన దేశంలో మీరు ఒక్కరే నిలబడి తగ్గించాలంటే కష్టమే. మీవారు అలా మాట్లాడటం కూడా అందుకే. చుట్టూ అందరూ కొంటుంటే మన పిల్లలు చిన్నబోతారేమోనన్న భయం ఆయనది. దాన్ని ప్రేమగానే తీసుకోండి.

అదే ఇంటిపేరున్న ఇంకో ప్రెసిడెంట్, థియోడర్ రూజ్‌వెల్ట్ ఇంటి కథ మీ బాబుకు చెప్పండి. 1902 క్రిస్మస్‌కు వైట్ హౌస్‌లో ఆయన కుటుంబం చెట్టు పెట్టలేదు. ఆయన ఎనిమిదేళ్ళ కొడుకు ఆర్చీ అక్కడి వడ్రంగి సాయంతో చిన్న చెట్టు ఒకటి అల్మారాలో దాచి, తనే అలంకరించి, పండగ పొద్దున తలుపు తెరిచి అందరికీ చూపించాడు. దాని మీద ఇంట్లోవాళ్ళకు తలా ఒక కానుక. కుక్కకొకటి, పిల్లికూనకొకటి, పొట్టి గుర్రానికి కూడా ఒకటి. ఈ సంగతి ఆ తండ్రే ఉత్తరంలో రాశారు. నాకు ఈ కథలో నచ్చేది ఆ చెట్టు కాదు. అక్కడ ఇచ్చే చెయ్యి పిల్లవాడిది. మీ ఇంట్లో ముప్పై ఎనిమిది కానుకల్లో బాబు ఇంకొకరికి ఇచ్చినవి ఎన్ని? నాకు తెలిసి ఒకటో రెండో, అవీ మీరు కొని వాడి పేరు రాసినవే అయి ఉంటాయి.

అందుకని ఈసారి ఇలా చేసి చూడండి. నవంబర్‌లోనే, పిల్లలు కోరికల జాబితా రాయకముందే, మీరూ మీవారూ ముందు ఒక మాట మీదకు రండి. తర్వాత అందరూ కూర్చుని చీటీలు తీయండి. నాయనమ్మ పేరు కూడా వేయండి. ఎవరి చీటీ వస్తే వాళ్ళకు ఒక కానుక, అది చేతితో చేసిందో, తన సొంత డబ్బుతో కొన్నదో కావాలి. దానికి తోడు అమ్మానాన్నల నుంచి ప్రతి బిడ్డకు ఒకటి, బాగా కోరుకున్నది. ఇంకొకటి చదివేది. అంతే. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఈ మాట చెబితే వాళ్ళకు శిక్షలా ఉంటుంది. నెల ముందు చెబితే ఆటలా ఉంటుంది. విప్పడం కూడా ఒకరి తర్వాత ఒకరు, ఇచ్చినవాళ్ళు చెప్పుకుంటూ, మిగతావాళ్ళు వింటూ విప్పండి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలా ఎనిమిది కానుకలకు రెండు గంటలు పట్టింది.

స్నేహితులు, ఆఫీసువాళ్ళు పంపేవి ఆగవు. వాళ్ళకు ముందే "ఈ ఏడు కానుకలు వద్దు, భోజనానికి రండి" అని మెసేజ్ పెట్టండి. కొందరు నొచ్చుకుంటారు, పర్వాలేదు. వచ్చినవన్నీ ఒకే రోజు విప్పక్కర్లేదు కూడా. పండగ ఇరవై ఐదుతో అయిపోలేదు, కొత్త సంవత్సరం దాకా ఉంది. చుట్టడానికి మెరుపు కాగితం కొనకండి, అది రీసైక్లింగ్‌కు పనికిరాదు. పాత చీరలు, చున్నీలు కత్తిరించి మూటలు కట్టండి. విప్పిన గుడ్డ మడిచి వచ్చే ఏటికి దాచుకోవచ్చు.

మొదటి ఏడాది బాబు ఏడవవచ్చు. స్కూల్లో ఎవడో నాకు ఇన్నొచ్చాయని చెబుతాడు, వాడు ఇంటికొచ్చి మొహం ముడుచుకుంటాడు. అప్పుడు కరిగిపోయి అమెజాన్ తెరవకండి. దగ్గర కూర్చోబెట్టుకుని, అవును, తక్కువే, నీకు కష్టంగా ఉంది కదూ అనండి. ఉపన్యాసం వద్దు. రెండో ఏడు తేలికవుతుంది, నేను చూశాను.

ఖాళీ అయిన చోట్లో ఏం పెట్టాలన్నది మీ అత్తగారికి వదిలేయండి. ఆవిడ రావడం ఈ ఏడు మీకు పెద్ద అదృష్టం. ఊళ్ళో ఇప్పుడు నక్షత్రం కూడా ప్లాస్టిక్‌దే, కొట్లో వేలాడదీసి అమ్ముతున్నారు. ఆవిడ చిన్నప్పుడు వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టి ఇంటి మీదకు ఎత్తేవారు. ఆ పని మీ పాపకు నేర్పమనండి. మీ దగ్గర తోట సామాను అమ్మే కొట్లలో మొక్కలకు ఊతంగా కట్టే సన్నటి వెదురు పుల్లలు దొరుకుతాయి, బాగా సరిపోతాయి. లోపల దీపం బదులు చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. మైదా ఉడికించి జిగురు చేసుకోండి. మిగిలిన కాగితంతో జెండాలు, గులాబీలు చేసి ఆ పాత ప్లాస్టిక్ చెట్టుకు కట్టండి, దాని వయసు తెలియకుండా పోతుంది. ఇరవై మూడో తారీఖు అరిసెలు, కజ్జికాయలు. నువ్వులు అద్దే పని బాబుది. పళ్ళాల్లో సర్ది, పైన గుడ్డ కప్పి, పక్క ఇళ్ళన్నిటికీ ఇచ్చి రండి. మతం చూడొద్దు, పరిచయం ఉందా లేదా కూడా చూడొద్దు. ఊళ్ళో మనం అలాగే ఇచ్చేవాళ్ళం, సంక్రాంతికి వాళ్ళ పళ్ళెం మనింటికి వచ్చేది. తలుపు తట్టేటప్పుడు పళ్ళెం పిల్లల చేతుల్లోనే ఉండనివ్వండి, మీరూ అత్తగారూ రెండడుగులు వెనక నిలబడండి.

ఆవిడ పెట్టె సర్దుకునేముందు ఒకసారి ఫోన్ చేసి, గాలిపటాల రంగు కాగితం రెండు దస్తాలు, కజ్జికాయల అచ్చు ఒకటి పెట్టుకోమని చెప్పండి. ముచ్చటపడి సరుగుడు కొమ్మ గానీ విత్తనాలు గానీ తెస్తానంటే మాత్రం వద్దనండి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.